అక్క నడక

సినిమావాళ్ళు తలుపు సీను తీసిన రోజు మా ఇంట్లో ఎవరు ఎక్కడ ఉన్నారో నాకు బాగా గుర్తుంది.

మధ్య గదిలో మంచం మీద నానమ్మ. దగ్గు వస్తే బయటికి వినపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. వంటగదిలో అమ్మ. పొయ్యి ఆర్పేసి, చేసే పనేమీ లేక గోడకి ఆనుకుని నిలబడింది. వెనక వరండాలో నాన్న. లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర ఆయన గుమాస్తా. ఆ రోజు సెలవు పెట్టాడు. ఆయన కుర్చీ కిర్రుమంటుందని కదలొద్దన్నారు. గోడ గడియారం చప్పుడు కూడా మైకులో పడుతోందని దాన్ని దించి, బ్యాటరీ తీసి, ఆయన ఒళ్ళోనే పెట్టారు. ఫ్రిజ్ ఆపేశారు. మళ్ళీ వెయ్యడం మర్చిపోతే పాలు విరిగిపోతాయని, సౌండ్ చూసే ఆయన తన బండి తాళంచెవిని అందులో గుడ్ల పక్కన పెట్టాడు. తాళం లేకుండా బయల్దేరలేడు కదా, వెతుక్కుంటే ఫ్రిజ్ గుర్తొస్తుందట. వాళ్ళ పనిలో అది మామూలేనట.

ముందు తలుపు వెనక అక్క.

నేను బయట మెట్టు మీద ఉన్నాను. నాతోపాటు బయట ఉన్నవాళ్ళు డైరెక్టరు, కెమెరా ఆయన, సౌండ్ ఆయన. సౌండ్ ఆయనకి నానమ్మ చెవులాయన అని పేరు పెట్టింది, నిద్రలో కూడా ఆ హెడ్‌ఫోన్లు తియ్యడేమో అని.

అసలు ఆ మెట్టు మీద నిలబడాల్సింది అక్క.

వాళ్ళది పెద్ద కంపెనీ సినిమా కాదు. వాళ్ళ సినిమా వాళ్ళే తీసుకుంటున్నారు. ఒక పాత వ్యానులో వచ్చారు. కెమెరా ఆయనే వ్యాను నడిపేవాడు, డైరెక్టరే అందరికీ టీ కలిపేది. వాళ్ళు దిగిన రోజు నానమ్మ గుమ్మంలో నిలబడి, "సినిమా వాళ్ళంటే దండు దిగుతుందనుకున్నాను. వీళ్ళేంటే, తాపీపనికి వచ్చినట్టు ముగ్గురొచ్చారు," అంది. డైరెక్టరు నవ్వి, "తాపీపనిలాంటిదే అమ్మమ్మా, కాకపోతే గోడ మిగలదు," అంది.

ఆమెను మా ఇంటికి తెచ్చింది అక్కే. అక్క జిరాక్స్ షాపులో పని చేసేది. డైరెక్టరు తన సినిమా కథ కాపీలు తీయించుకోవడానికి అక్కడికి వెళ్ళింది. మిషన్లోంచి ఒక్కో కాగితం వస్తుంటే అక్క దాన్ని తీసి, చదివి, అందులోని మాటల్ని ఊరికే పైకి అనేసిందట. వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా మాట్లాడకుండా నిలబడ్డారట. డైరెక్టరు కాపీలు తీసుకోవడం మానేసి, "నువ్వు చేస్తావా?" అని అడిగింది.

కథ చాలా చిన్నది. ఒకమ్మాయి తల్లి ఇల్లు వదిలి, గుట్ట అవతల ఇంకొకరితో ఉంటుంది. అమ్మాయి గుట్ట ఎక్కి దిగి ఆ ఇంటికి వెళ్తుంది. తలుపు కొడుతుంది. తల్లి తలుపు తీసి, చూసి, మూసేస్తుంది. తల్లి ముఖం ఎక్కడా కనపడదు, చెయ్యి మాత్రమే. మా ఇంటి వెనక గుట్ట ఉంది, మాకు ముందు తలుపు ఉంది. అందుకని రెండు గదులు అద్దెకు తీసుకుని ఇక్కడే దిగారు.

జిరాక్స్ షాపు ఓనరు అక్కతో, "వెళ్తే వెళ్ళు. తిరిగొచ్చేసరికి ఈ మిషన్ దగ్గర ఇంకో పిల్ల ఉంటుంది," అన్నాడు.

"ఉండనీండి సార్. ఆ పిల్లకి నా పోస్టర్లు జిరాక్స్ తీసే పని పెడతాను," అని అక్క వచ్చేసింది.

చిన్నప్పటి నుంచీ అక్క బీరువా అద్దం ముందు నటించేది, నేను మంచం మీద కూర్చుని చూసేదాన్ని. ఈ సినిమా ఆడినా ఆడకపోయినా ఫరవాలేదు, ఇందులో తన ముఖం ఉంటే చాలు, అది చూపించి ఇంకో చోట వేషం అడుగుతానని అనేది. చదువు ఎక్కలేదు. షాపు పోయింది. అక్క చేతిలో ఉన్నది ఇక అదొక్కటే.

నేను మాట్లాడను. మాటలు రాక కాదు, నోటి దాకా రావు. "దేవుడు వీళ్ళిద్దరికీ కలిపి ఒకే నోరిచ్చాడు. పెద్దది ముందు పుట్టి పట్టుకుపోయింది," అనేది నానమ్మ. బడిలో సారు నన్నేదైనా అడిగితే పై తరగతి నుంచి అక్కని పిలిపించేవారు. అక్క వచ్చి, "దానికి లెక్క వచ్చు సార్, చెప్పడం రాదు," అని వెళ్ళిపోయేది. బట్టల షాపులో, "దానికి నీలం కావాలట," అనేది. నేను ఆమెకి ఆ మాట చెప్పి ఉండను. కానీ నాకు కావాల్సింది నీలమే.

షూటింగులో నా పని గొడుగు పట్టడం. మనుషులకి కాదు, కెమెరాకి. ఎండ పడితే అది వేడెక్కి ఆగిపోతుంది. అక్క ఎండలో నిలబడేది, కెమెరా నీడలో ఉండేది. ఆరుబయట షూటింగంటే ఎక్కువ భాగం ఎదురుచూడ్డమే. మబ్బు పోవాలి. మబ్బు పోతే గాలి లేస్తుంది. చెవులాయన మైకుకి బొచ్చు తొడుగు వేసి, కుక్కపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని, "ఆగండి, గాలి," అనేవాడు. గాలి ఆగితే ఎక్కడో ట్రాక్టరు మొదలయ్యేది. అన్నీ కుదిరిన ఆ కాస్తసేపట్లో అక్క ఏడవాలి, ఏడ్చేది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు కన్నీళ్ళు వచ్చేవి. నేను గొడుగు పట్టుకుని చూసేదాన్ని. బాగా చేస్తోందనుకునేదాన్ని.

గుట్ట మీద రాళ్ళు వదులుగా ఉంటాయి. ఒకరోజు దిగుతుంటే అక్క కాలు మడతపడింది. సాయంత్రానికి చీలమండ గుమ్మడికాయంత అయింది. ఇంక మిగిలిన షాట్లు చాలావరకు అమ్మాయి గుట్ట ఎక్కుతూ వెళ్ళిపోయేవి. వెనకనుంచి, దూరంగా. డైరెక్టరు తల పట్టుకుంది. అప్పుడు అక్కే అంది:

"చెల్లి ఉందిగా. వెనకనుంచి చూస్తే మా అమ్మే మమ్మల్ని ఒకళ్ళనుకుని ఒకళ్ళని తిడుతుంది."

అక్క నాకు తన బూడిదరంగు స్వెటరు తొడిగింది, తన ఎర్ర చెప్పులు వేసింది, తన జడ ఎలా ఉంటుందో అలా జడ అల్లింది. కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించింది.

"నీది నడక కాదే, ఎవరో తరుముతున్నట్టు పరుగు. నెమ్మదిగా. నువ్వు ఒకరిని చూడ్డానికి వెళ్తున్నావు. కానీ చూడాలని లేదు. ఆ, అదీ. కుడి భుజం కొంచెం కిందకి. నా భుజం అలాగే ఉంటుంది, జిరాక్స్ కాగితాలు మోసి మోసి."

సాయంత్రానికి నాకు అక్క నడక వచ్చేసింది. నానమ్మ మంచం మీంచి చూసి, "పెద్దదాని కాలు నయమైపోయిందా ఏంటి?" అంది. అక్క చాలాసేపు నవ్వింది.

మర్నాడు గుట్ట కింద డైరెక్టరు నాకు చెప్పింది. "ఇక్కణ్ణుంచి పైకి నడుస్తూ వెళ్ళు. కట్ అనేదాకా ఆగొద్దు. వెనక్కి తిరగొద్దు." అక్క కుర్చీలో, కాలు ఇటుకల మీద పెట్టుకుని కూర్చుంది. గొడుగు ఈసారి చెవులాయన పట్టుకున్నాడు.

నేను నడిచాను. కొంతదూరం వాళ్ళ మాటలు వినిపించాయి, తర్వాత గాలి తప్ప ఏమీ వినపడలేదు. నడుస్తూనే ఉన్నాను. కట్ అన్నారో లేదో తెలియలేదు. గుట్ట కొస దాకా వచ్చేశాను. అక్కడ పెద్ద రాయి ఉంది, దాని తర్వాత దారి అవతలికి దిగిపోతుంది. ఇంతసేపా, ఎప్పుడో కట్ అని ఉంటారు, నాకే వినపడలేదు అనుకున్నాను. అక్కడ ఆగి వెనక్కి తిరిగాను.

కింద మనుషులు చీమల్లా ఉన్నారు. మా ఇంటి కప్పు అగ్గిపెట్టెంత ఉంది. అక్క ఎక్కడుందో స్వెటరు లేకపోబట్టి పోల్చుకోలేకపోయాను. వాళ్ళు నాకు చీమల్లా కనిపిస్తే నేనూ వాళ్ళకి అంతే కదా అనుకున్నాను. అందుకని ముఖాన్ని వదిలేశాను. మనుషుల మధ్య ఉన్నప్పుడు నేను ముఖాన్ని కొంచెం పట్టుకుని ఉంచుతాను; అది అక్కడ అవసరం లేదనిపించింది. ఏమీ ఆలోచించలేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. కాసేపు నిలబడి దిగి వచ్చాను.

వచ్చేసరికి అందరూ చిన్న టీవీ చుట్టూ మూగి ఉన్నారు. దాన్ని వాళ్ళు మానిటర్ అంటారు. నా మీద కోప్పడతారనుకున్నాను. డైరెక్టరు పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

అందులో నా ముఖం ఉంది. పళ్ళెమంత. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు.

"దీనికి దూరమనేది లేదమ్మా," అన్నాడు కెమెరా ఆయన, పొడుగ్గా ఉన్న లెన్సు మీద చెయ్యి వేసి. "మేం కట్ అనలేదు. నువ్వు వెళ్తూనే ఉన్నావు, నేను వెంటబడ్డాను. తిరిగావు."

ఆ ముఖం నాకు తెలియదు. ఎవరి కోసమూ పెట్టుకున్న ముఖం కాదు. అద్దంలో కూడా నేను దాన్నెప్పుడూ చూడలేదు.

అక్క కుర్చీలోంచి మెడ చాపి చూసింది. "చూశారా, నా చెప్పులేసుకుని నా సినిమా ఎత్తుకుపోయింది," అంది. అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. దాన్ని మళ్ళీ వేసి చూసింది.

సాయంత్రం టీ దగ్గర డైరెక్టరు నాన్నతో మాట్లాడింది. ఆమె గిన్నెలోకి చూస్తూ మాట్లాడింది. ఇప్పటిదాకా పెద్దమ్మాయితో తీసింది పక్కన పెట్టేసి, మొదటినుంచి చిన్నమ్మాయితో తీయాలనుకుంటోందట.

"మాటిచ్చింది పెద్దదానికి కదమ్మా," అన్నాడు నాన్న.

"అవునండీ. తప్పు నాదే. కానీ అది చూశాక ఇంకోలా తీయలేను." ఆమె అక్క వైపు తిరిగింది. "నువ్వు బాగా చేస్తున్నావు. నిజంగా. కానీ తను ఏమీ చెయ్యట్లేదు. నాకు అదే కావాలి."

"ఏమీ చెయ్యకుండా ఉండడానికా నేను ఇన్నేళ్ళు అద్దం ముందు నిలబడింది," అంది అక్క. "బుద్ధి తక్కువైపోయింది."

అమ్మ టీ గ్లాసులు సర్దుతూ, "ఇద్దరూ నా పిల్లలే. నాకు రెండు కళ్ళు. ఏ కన్ను పొడుచుకోమంటారు?" అంది.

డైరెక్టరు గిన్నె కింద పెట్టి, "ఒకటి చేద్దాం. చిన్నమ్మాయిని అడుగుదాం. తను వద్దంటే పాతలాగే తీస్తాను, ఇంకో మాట లేదు," అని నా వైపు తిరిగి, "నీకు ఇష్టమేనా?" అని అడిగింది.

అలవాటు కొద్దీ అందరూ అక్క వైపు చూశారు.

అక్క నా వైపు చూసింది. నోరు తెరవలేదు.

"చెప్పవే పెద్దదానా, అది ఏమంటోందో," అంది నానమ్మ.

"దాని మాట అదే చెప్పుకోనీ నానమ్మా. ఇన్నేళ్ళూ దాని తరఫున నేను చెప్పినవి నిజాలో కావో నాకూ తెలుస్తుంది."

వద్దు అనే మాట నాకు తెలుసు. అది అంటే అక్క సినిమా అక్కకి ఉంటుందని కూడా తెలుసు. ఆ మాట కోసం లోపల వెతికాను, ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టినట్టు ఉంది. అలాగని నాకు ఆ వేషం కావాలనీ లేదు. టీ మీద మీగడ కట్టింది. దాన్ని వేలితో పక్కకి తీశాను. అక్క ఇంకా చూస్తోంది. గ్లాసు అంచుకి మీగడ రాశాను.

"సరే," అంది డైరెక్టరు చివరికి, నెమ్మదిగా. "మౌనం అర్ధాంగీకారం అంటారు కదా."

"మిగతా సగం నేనిస్తాన్లెండి," అని అక్క లేచి, గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నీ నాతో తీశారు. వాగు దగ్గర, తుప్పల్లో, అక్క ఏడ్చిన చోట కూడా. నన్ను ఏడవమనలేదు. నిలబడమన్నారు, నిలబడ్డాను. చూడమన్నచోటు చూశాను. స్వెటరు చంకల్లో ఇంకా అక్క పౌడరు వాసన ఉండేది, తర్వాత పోయింది. చలిలో నీళ్ళలోకి దిగమన్నారు, దిగాను. కెమెరా ఆయన వ్యానులోంచి దుప్పటి తెచ్చి కప్పి, "చలి వేస్తే చెప్పాలి కదమ్మా," అన్నాడు. చలి వేసిందో లేదో నాకు గుర్తులేదు. డైరెక్టరు రోజూ బాగుంది, బాగుంది అనేది. నేను తల ఊపేదాన్ని.

అక్క షూటింగుకి రాలేదు. కాలు వాపు తగ్గాక ఒకసారి జిరాక్స్ షాపుకి వెళ్ళి వచ్చింది. అమ్మ ఏమైందని అడిగితే, "మిషన్ దగ్గర పిల్ల ఉంది. బాగానే తీస్తోంది," అంది. అంతే.

కానీ రోజూ పొద్దున్న నా జడ మాత్రం అక్కే అల్లేది. రోజు రోజుకీ జడ మారిపోతే సినిమాలో తేడా తెలిసిపోతుంది, అలా అల్లడం ఇంకెవరికీ రాదు. నేను ముందు కూర్చునేదాన్ని, ఆమె వెనక. ఒక్క మాట ఉండేది కాదు. గట్టిగా లాగేది. నాకు నొప్పి తెలిసేది, తలలో కాక ఇంకెక్కడో ఉన్నట్టు. ఒకరోజు దువ్వెన ఆపి, "ఇంకెన్ని రోజులట?" అంది. తలుపు సీను ఒక్కటే మిగిలింది. నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

తలుపు సీనుకి చెయ్యి కావాలి. డైరెక్టరు చేతి మీద పచ్చబొట్టు ఉంది, పైగా ఆమె మానిటర్ చూడాలి. అమ్మని అడిగారు. అమ్మ చేతులు తుడుచుకుంటూ, "కుదరదమ్మా," అంది.

"చెయ్యి ఒక్కటే కనపడుతుందండీ. మీరు తలుపు మూస్తే చాలు."

"ఏది కనపడితే నాకేంటి. నా కడుపున పుట్టినదాని ముఖం మీద నేను తలుపు వెయ్యను. ఆటకైనా సరే, సినిమాకైనా సరే."

నానమ్మ చెయ్యి మరీ ముసలిది. డైరెక్టరు నాన్న చేతి వైపు చూసి, తల తిప్పుకుంది. అప్పుడు అక్క గదిలోంచి వచ్చింది.

"నేను వేస్తాను."

డైరెక్టరు ఆమె వైపు తిరిగింది. "నీకు... ఫరవాలేదా?"

"చెయ్యేగా. ముఖం పనికి రాకపోయినా చెయ్యి పనికొస్తుందేమో చూడండి." అరచేయి తిప్పి చూపించింది. "ఫోకస్‌లోకి వస్తుందా, లేక ఇది కూడా దూరంనుంచే తీస్తారా?"

కెమెరా ఆయన నేల వైపు చూశాడు. చెవులాయన ఫ్రిజ్ ఆపడానికి వంటగదిలోకి వెళ్ళాడు.

రెండుసార్లు రిహార్సల్ చేశారు. నేను తలుపు కొడతాను. జానెడు తెరుచుకుంటుంది. తలుపు అంచు మీద చెయ్యి. నేను చూస్తాను. తలుపు నెమ్మదిగా మూసుకుంటుంది. కెమెరా పక్కనుంచి నన్నూ చేతినీ చూస్తుంది. లోపల చీకటిలో ఉన్న అక్క దానికి కనపడదు. డైరెక్టరు తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చెప్పింది, "గడియ వెయ్యొద్దు. మూస్తే చాలు. తల్లికి కూడా మనసు ఊగిసలాడుతోందని తెలియాలి. కట్ అన్నాక తీసేయ్." రిహార్సల్లో అక్క చెప్పినట్టే చేసింది. ఎండ గోడమీంచి జారిపోతోంది, మళ్ళీ తీయడానికి వెలుతురు ఉండదన్నారు.

చెవులాయన చెయ్యి ఎత్తాడు. ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"యాక్షన్," అంది డైరెక్టరు.

నేను తలుపు కొట్టాను. తెరుచుకుంది. తలుపు అంచు మీద అక్క చెయ్యి. బొటనవేలి పక్కన స్టేప్లర్ గుచ్చుకున్న పాత మచ్చ. నేను తల ఎత్తాను. రిహార్సల్లో అక్క నేలను చూస్తూ నిలబడింది. ఇప్పుడు చీకట్లోంచి నన్నే చూస్తోంది, ఆ రోజు టీ దగ్గర చూసినట్టు.

తలుపు మూసుకోవాల్సిన సమయం దాటిపోయింది. మూసుకోలేదు. డైరెక్టరు కట్ అనలేదు. అక్క ఆగి ఉంది. నేను ఏదైనా అంటే షాటు పాడవుతుంది, అక్క ఆగింది ఆ మాట కోసమేనని కూడా తెలుసు. నా పెదాలు విడివడ్డాయి. నాలుక కదిలింది. ఏ మాట అనాలో దాని మొదటి అక్షరం ఏమిటో తెలియలేదు.

అక్క వేళ్ళు తలుపు అంచు మీంచి ఒక్కొక్కటీ లోపలికి వెళ్ళాయి. తలుపు నెమ్మదిగా, చెప్పినట్టే, మూసుకుంది.

"కట్," అంది డైరెక్టరు.

లోపలినుంచి గడియ పడింది.